వంటగట్టు ఎత్తు

ఉతికే బట్టల్లోంచి చెక్కపొట్టు దులపడం ఈ చలికాలమంతా ఆర్డిస్ పనే అయింది. మొగుడు లైల్ ప్యాంటు జేబుల్లో పొట్టు, సాక్సుల్లో పొట్టు, ఆఖరికి దిండు గలీబుల మీద కూడా పొట్టే. షెడ్డులో ఉండాల్సిన కారు బయట మంచులో నిలబడింది, దాని చోటులోకి బండి వచ్చింది. కారు వెనక తగిలించుకుని పోయే చిన్న పడకబండి అది. ముందు గుండ్రంగా, వెనక సన్నగా, పక్కనుంచి చూస్తే కన్నీటిచుక్కలా ఉంటుంది. లోపల ఇద్దరికి పడక. వెనక రెక్క పైకెత్తితే వంటిల్లు. వండే మనిషి మాత్రం బయట నేలమీద నిలబడి వండాలి. విస్కాన్సిన్‌లో రిటైరైన మగాళ్లు చాలామంది ఇలాంటిదొకటి మొదలుపెడతారు. కొందరు పూర్తి కూడా చేస్తారు.

"వంటిల్లు నీ కోసమే, బంగారం," అన్నాడు లైల్ మొదటి చెక్క కోసిన రోజున. ఇన్నేళ్లూ సరస్సు ఒడ్డున గుడారం వేసుకుని, వానలో టార్పాలిన్ కింద వంగి పాన్‌కేకులు కాల్చిన నడుం ఆమెది. అందుకే ఆ మాట నమ్మింది. నమ్మి పరదాలు కుట్టింది, పరుపుకు తొడుగు కుట్టింది, చెక్కలు గరుకు కాగితంతో రుద్దింది. అన్నిటికంటే ఎక్కువగా, అతను బిగిస్తుంటే చెక్కలు పట్టుకుని నిలబడింది. "కొంచెం పట్టుకో" అంటాడు లైల్. కొంచెమంటే అతను మరలు బిగించి, పెన్సిల్ వెతుక్కుని, కాఫీ తాగి వచ్చేదాకా. స్నేహితులొస్తే మాత్రం "మొత్తం నేనొక్కణ్ణే కట్టా" అంటాడు. ఆమె వాళ్లకి కాఫీ పోస్తూ వింటుంది.

ఒక ఉదయం లైల్ చెక్కల కోసం టింబర్ డిపోకి వెళ్లాక, ఆర్డిస్ సరదాపడి బండి వెనక నిలబడింది, కొత్తగా బిగించిన వంటగట్టు ముందు. గట్టు ఆమె ఛాతీ దాకా వచ్చింది. చేతిలో పెనం ఉన్నట్టు ఊహించుకుని పాన్‌కేకు తిప్పబోతే మోచెయ్యి భుజం దాటి లేచింది. అక్కడ స్టవ్ పెడితే ఆవిరంతా నేరుగా మొహంలోకే కొడుతుంది. ఇది తన కోసం కట్టింది కాదు. ఎవరో పొడుగాటి మనిషి కోసం కట్టింది.

అంతే, అనుమానం పట్టుకుంది. ఇక ప్రతిదీ దానికే సాక్ష్యం చెప్పసాగింది. పెళ్లి విందులో అత్తగారు బెర్నిస్ అందరిముందూ అన్న మాట గుర్తొచ్చింది: "మావాడికి పొడుగు పిల్లలంటేనే మోజు. నిన్నెలా చేసుకున్నాడో మరి." అందరూ నవ్వారు, ఆర్డిస్ కూడా నవ్వింది, కోడలు నవ్వకపోతే బాగోదని. బండికి తలుపు ఒక్కటే పెట్టాడెందుకు, అదీ అతను పడుకునే వైపు? "బరువు తగ్గుతుంది" అన్నాడు. ఎవరి బరువు? రాత్రి లేవాల్సొస్తే ఆమె అతన్ని దాటుకుంటూ పాకాలి. అసలు అందులో ఆమె పడుకుంటుందని అనుకుంటే కదా. ఒకేసారి తెచ్చుకోగలిగిన ప్లైవుడ్ కోసం డిపోకి అన్నిసార్లు వెళ్లడమేమిటి? వెళ్లేముందు గడ్డం గీసుకోవడమేమిటి? ఇంట్లో ఆమె ఎదుట తిరగడానికి ఆ గడ్డం ఏనాడూ అడ్డు రాలేదు.

ఆమే వెళ్లింది డిపోకి, మరలు కొనే మిషతో. రంపం మిషను దగ్గర రొవీనా అనే ఆవిడ ఉంది. ఆర్డిస్ కంటే తలన్నర ఎత్తు.

"లైల్ వాళ్లావిడవా నువ్వు? రోజూ చెప్తుంటాడు."

"నా గురించా?"

"బండి గురించి," అంది రొవీనా, మోచేతులు బల్లమీద ఆనించి. ఆ మోచేతులు ఎక్కడ ఆనాయో ఆర్డిస్ కళ్లతోనే కొలుచుకుంది. సరిగ్గా బండిలోని వంటగట్టు ఎత్తే. అక్కర్లేని మరల పొట్లం పట్టుకుని ఇంటికొచ్చింది.

ఆ వారమంతా లైల్ కోటు వాసన చూసింది. చెక్కపొట్టు వాసన తప్ప ఇంకేం లేదు. మరీ ఇంత శుభ్రంగా ఉండటమే ఆమెకి నచ్చలేదు.

బండికి పైకప్పు వేసే రోజు వచ్చింది. పల్చటి ప్లైవుడ్‌ని తడిపి, జిగురు పూసిన వాసాల మీద వంచి బిగించాలి. ఒకరి వల్ల అయ్యే పని కాదు. ఆర్డిస్ రెండు అరచేతులతో అంచుని అదిమిపట్టింది.

"పట్టుకో, వదలకు," అంటూ లైల్ మరల డబ్బా వెతుకుతున్నాడు.

"ఆ వంటగట్టు ఎవరి కోసం అంత ఎత్తు కట్టావు?"

"ఎవరి కోసమేంటి?" లైల్ తలెత్తలేదు. "పడక ఆ గట్టు కిందిదాకా వస్తుందిగా. నేను పడుకుంటే కాళ్లు దాని కిందే ఉంటాయి. దించితే వేళ్లు తగులుతాయి. నువ్వు పొట్టిదానివని నాకు తెలీదా, ఒక స్టూలు చేసిస్తాలే."

ఆర్డిస్ అతని మొహంలో వెతికింది. అబద్ధం లేదక్కడ. రొవీనా అయినా బాగుండేదని ఆ క్షణంలో ఆమెకి నిజంగా అనిపించింది. ఇంకో ఆడదైతే అరవొచ్చు, ఏడవొచ్చు, అక్కకి ఫోన్ చేసి చెప్పుకోవచ్చు. కాలివేళ్ల గురించి ఏమని చెప్పుకుంటుంది? గట్టు కొలిచినప్పుడు అతని మనసులో ఏ ఆడదీ లేదు. తను కూడా లేదు. కోపం, దాని వెనకే ఏడుపు వచ్చాయి. ఏడుపుని మింగేసింది, కోపాన్ని ఉంచుకుంది.

అరచేతులు తీసేసింది. వంగిన చెక్క విసురుగా పైకి లేచింది.

"ఏం చేస్తున్నావు? జిగురు ఆరిపోతుంది."

ఆమె అతని చెవిమీది పెన్సిల్ తీసుకుని బండి వెనక్కి వెళ్లింది. నిటారుగా నిలబడింది. తన మోచేతికి కాస్త కిందుగా, పక్క గోడమీద గీత గీసింది.

"గట్టు ఇక్కడికి దించు. అప్పుడు పట్టుకుంటా."

లైల్ ఆ గీతని, ఆరుతున్న జిగురుని, ఆమెని మార్చిమార్చి చూశాడు. "మరి నా కాళ్లెక్కడ పెట్టుకోను?"

"ముడుచుకో," అంది ఆర్డిస్. "ఇన్నేళ్లూ నేను పడుకున్నది అలాగే."