ఎర్ర చుక్క మంచానికి కాఫీ

మూడో ఫ్లాస్కు మూత బిగించి, చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి ఊపి చూసింది. లోపలి గాజు చిట్లి ఉంటే గలగలమంటుంది. ఏ చప్పుడూ లేదు. దాన్ని ట్రాలీ మీద మిగతా రెండింటి పక్కన నిలబెట్టి, నీలం ఏప్రను ముడి బిగించుకుంది. ఎర్రమూతది కాఫీ, నీలంమూతది పాలు, తెల్లమూతది మాల్టు. ఇరవై రెండేళ్లుగా ఇదే వరస. కళ్లు మూసుకున్నా ఆమె చెయ్యి తప్పుదారి పట్టదు.

ఆ ఆస్పత్రిలో ఆమెను అందరూ ఫ్లాస్కు పిన్ని అంటారు. అసలు పేరు హాజరుపట్టీలో ఉంటుంది, అక్కడినుంచి బయటికి రాదు. మనిషి పొట్టి. ట్రాలీ వెనక నిలబడితే ఎదుటివాళ్లకు ముందు ఫ్లాస్కులు కనిపిస్తాయి, ఆ తర్వాత ఆమె. కుడిచేతి వేళ్లు మూడు వేడి తెలియనంతగా మొద్దుబారిపోయాయి. "బాగా వేడిగా ఉందా పిన్నీ?" అని ఎవరైనా అడిగితే ఎడంచెయ్యి ఆనించి చూసి చెబుతుంది. పెళ్లయిన నాలుగో ఏట మొగుడు పనికని వేరే ఊరు వెళ్లి అక్కడే ఇంకో కాపురం పెట్టుకున్నాడు. ఆమె చెల్లెలి ఇంటికి చేరింది, చెల్లెలి పిల్లల్ని ఎత్తుకుని పెంచింది, ఇప్పుడు ఆ ఇంటి వెనకగదిలో ఉంటోంది. ఎవరి మీదా పెద్దగా కోపం లేదు. ఒక్కటే లోటు. ఆమెను ఎవరూ ఏదీ కావాలని అడగరు. పాలా, కాఫీయా అని అడుగుతూ తిరిగేది ఎప్పుడూ ఆమే.

అందుకే గార్డుగారు నోరు తెరిచి అడిగినప్పుడు కాదనలేకపోయింది.

గార్డుగారిది వార్డులో చివరన కిటికీ పక్క మంచం. ముప్ఫై రెండేళ్లు గూడ్సు బళ్లకు గార్డుగా చేసిన మనిషి. క్యాన్సర్ వెన్నెముకకు పాకింది. నొప్పికి నాలుగు గంటలకోసారి మార్ఫిన్ సిరప్పు కొలిచి తాగిస్తారు. ఆయన మంచం పట్టీకి గోరంత ఎర్ర చుక్క అంటించి ఉంది. ఆ వార్డులో పచ్చ చుక్కంటే పంచదార వద్దని, ఎర్ర చుక్కంటే కాఫీ వద్దని. ఎందుకు వద్దో పిన్నికి ఎవరూ చెప్పలేదు, ఆమె అడగనూ లేదు.

పది రోజుల కిందట ఆయన ట్రాలీ అంచు పట్టుకుని ఆపాడు.

"ఫ్లాస్కమ్మా, ముప్ఫై రెండేళ్లలో డ్యూటీలో ఒక్క కునుకు తియ్యలేదు నేను. ఈ మందు నన్ను తీసుకెళ్లి లూప్ లైన్లో, పక్కకి తప్పించి ఆపేసిన బండిలా పడేసింది. పదకొండింటికి మా అమ్మాయి వస్తుంది. ఆఫీసులో గంట పర్మిషన్ అడుక్కుని వస్తుంది. నేను గురకపెడుతుంటే కూర్చుని చూసి పోతోంది. సిగ్గేస్తోంది నాకు."

"మీకు ఎర్ర చుక్కుంది కదండీ."

"ఎర్ర సిగ్నల్ సంగతి నాకే చెబుతావా? ఒక్క కప్పు. చిక్కగా. ఎవరికీ చెప్పకు."

అప్పటినుంచి పదిన్నరకు ఒక కప్పు, మధ్యాహ్నం మూడింటికి అరకప్పు. మాల్టు పోసే మూతకప్పులోనే కాఫీ పోసేది. దూరానికి రెండూ ఒకే రంగు. మూత మాత్రం కిటికీ వైపు తిరిగి తియ్యమనేది, వాసన బయటికి పోవాలని. పదకొండింటికి కూతురి చెప్పుల చప్పుడు వరండాలో వినిపించేసరికి ఆయన దిండుకు ఆనుకుని, కళ్లు పెద్దవి చేసుకుని, బండి రావడం చూసే మనిషిలా కూర్చునేవాడు. ఆ చూపులో తన వాటా ఉందని పిన్నికి లోలోపల గర్వంగా ఉండేది. చెల్లెలితో కూడా చెప్పలేదు. చెబితే మాసిపోతుందేమోనని దాచుకుంది.

ఇవాళ కూడా పదిన్నరకు కప్పు అందించింది. పదకొండింటికి కూతురు వచ్చింది. తండ్రీ కూతుళ్లు గంటసేపు ఏదో చెప్పుకుని నవ్వుకోవడం వార్డు ఈ చివరినుంచి చూసింది. ఆయన నవ్వితే మంచం ఇనుప పట్టీ కిర్రుమంటుంది. ఆ కిర్రు వినిపించినప్పుడల్లా పిన్ని ముఖం విప్పారింది. కూతురు వెళ్లిన కాసేపటికి డాక్టరు రౌండుకు వచ్చింది.

"నొప్పి ఎలా ఉంది?"

"నడుములో ఎవరో మేకులు దిగ్గొడుతున్నట్టుందమ్మా. మీ మందు ఉత్త తియ్యటి నీళ్లు."

డాక్టరు ఆయన కళ్లలోకి చూసింది. ఇవాళ ఏ వారం అని అడిగింది. ఆయన వారం చెప్పి, తేదీ చెప్పి, ఆమె నిన్న రౌండుకు ఎన్ని నిమిషాలు ఆలస్యంగా వచ్చిందో కూడా చెప్పాడు. డాక్టరు నవ్వేసి నర్సు వైపు తిరిగింది.

"మనిషి చురుగ్గా ఉన్నారు. మత్తేమీ లేదు. ఇంకొంచెం పెంచుదాం."

ఈ పది రోజుల్లో మందు పెంచడం ఇది మూడోసారి. పక్క మంచం దగ్గర ఖాళీ కప్పులు ఏరుతున్న పిన్ని ఆ మాట విని సంతోషించింది కూడా. పోన్లే పాపం, నొప్పి తగ్గుతుంది అనుకుంది.

ఆ సంతోషం అరగంట నిలిచింది. వంటగదిలో కప్పులు కడుగుతుంటే, పక్కన చేతులు కడుక్కుంటూ హెడ్ నర్సు కొత్తగా చేరిన పిల్లనర్సుకు చుక్కల సంగతి చెబుతోంది.

"చూడమ్మా, మార్ఫిన్ మందు ఎక్కువైతే మనిషి ముందు మత్తుగా పడుకుంటాడు. లేపితే సరిగా లేవడు. అదే మనకి గుర్తు. అది చూసే డోసు ఆపుతాం, తగ్గిస్తాం. కాఫీ తాగారనుకో, ఆ మత్తు పైకి కనబడదు. మనిషి కులాసాగా ఉన్నాడనుకుని మనం ఇంకా పోస్తాం. కాఫీ నిద్రని ఆపుతుంది గానీ ఊపిరిని కాపాడదు. లోపల మందు ఎంత చేరిందో అంత చేరే ఉంటుంది. కాఫీ బలం దిగిందా, అప్పుడు తెలుస్తుంది."

"నొప్పికి మంచిదంటారు కదా మేడమ్ కాఫీ?"

"తలనొప్పి మాత్రల్లో కలుపుతారులే. మార్ఫిన్‌తో అయితే కొందరికి నొప్పి తగ్గకుండా అడ్డం కూడా పడుతుందంటారు. నిమిషానికి ఊపిరి పదికి తగ్గిందా, డోసు పొయ్యకు, నన్ను పిలువు. అది మాత్రం మర్చిపోకు."

పిన్ని చేతిలో కప్పు అలాగే ఉండిపోయింది. కుళాయి నీళ్లు దాని మీంచి పొర్లి పోతున్నాయి. మేకులు దిగ్గొడుతున్నట్టుందన్న మాట, మత్తేమీ లేదన్న మాట, రెండూ తన ఎర్రమూత ఫ్లాస్కులోంచే వచ్చాయా?

చెప్పెయ్యాలి అనుకుంది. చెబితే పని పోతుందన్నది ఒక భయం. అంతకంటే పెద్ద భయం, పిన్ని అలాంటిదా అని వార్డంతా చూసే చూపు. ఇరవై రెండేళ్లలో ఒక్క తప్పు కప్పు ఇవ్వని మనిషి. ట్రాలీ తోసుకుంటూ అటూ ఇటూ నాలుగుసార్లు తిరిగింది. చివరికి మనసు ఒక దొడ్డిదారి వెతికిపెట్టింది. ఇకనుంచి కాఫీ ఇవ్వను, అంతే. ఇవ్వడం మానేస్తే చెప్పినట్టే కదా. రేపటికి అన్నీ సర్దుకుంటాయి. మంచి నిర్ణయంలాగే అనిపించింది, అదే దౌర్భాగ్యం.

రెండింటికి నర్సు కొత్త డోసు కొలుచుకుని వచ్చింది. గార్డుగారు మెలకువగానే ఉన్నాడు. పొద్దుటి కాఫీ ఇంకా ఒంట్లో ఉంది. పిన్ని గబగబా రెండడుగులు వేసింది.

"సిస్టరమ్మా!"

"ఏంటి పిన్నీ?"

నర్సు చేతిలో చిన్న గ్లాసు. అందులో సిరప్పు. పిన్ని నోరు తెరిచింది. ఇరవై రెండేళ్లుగా ఆ నోటికి అలవాటైన మాటే వచ్చింది.

"మీకు పాలా, కాఫీయా?"

"కాఫీ ఇవ్వు. తల పగిలిపోతోంది."

గార్డుగారు సిరప్పు తాగి మూతి తుడుచుకున్నాడు. పిన్ని నర్సుకు కాఫీ పోసి ఇచ్చింది. కొంత సాసర్లో ఒలికింది.

మూడింటికి ఆయనకు మూతకప్పు అందించింది. ఒక గుక్క తాగి ఆయన ఆమె ముఖంలోకి చూశాడు.

"ఇది మాల్టు."

"అవునండీ."

"దొంగసరుకు పట్టుబడిందా?"

"ఇవాళ్టికి ఇది తాగండి గార్డుగారూ. నా మాట వినండి."

ఆయన గొడవపెట్టుకోలేదు. కప్పు ఆమె చేతికిచ్చి దిండు మీదికి జారాడు. "ఇవాళ అమ్మాయి చాలాసేపు మాట్లాడింది" అన్నాడు, కళ్లు మూసుకుంటూ. ఆమె దుప్పటి సర్ది, పక్క మంచానికి వెళ్లింది. ఆ మంచానికి పాలు, దాని పక్కదానికి పంచదార లేని కాఫీ.

నాలుగున్నరకు కప్పులు ఏరడానికి వచ్చింది. ఆయన గురక పెడుతున్నాడు. గురక ఆగింది. ఆమె కూడా ఆగింది. చాలాసేపటికి మళ్లీ ఒకటి. గోడ గడియారంలో సెకన్ల ముల్లు చూస్తూ వేళ్లు మడిచింది. నిమిషం తిరిగేసరికి ఒక చెయ్యి పూర్తయి, రెండో చేతిలో ఒక్క వేలు మాత్రమే మడతపడింది. పెదవుల చుట్టూ నీలిరంగు.

"గార్డుగారూ! గార్డుగారూ, లేవండి!" భుజం పట్టి కుదిపింది. లేవలేదు.

ఆమె హెడ్ నర్సు దగ్గరికి పరుగెత్తింది. ఆ వార్డులో ఆమె పరుగెత్తడం ఎవరూ చూసి ఎరగరు.

"సిస్టరమ్మా, నేను గార్డుగారికి కాఫీ ఇస్తున్నాను. పది రోజులనుంచి. రోజుకి రెండుసార్లు. ఇవాళ మధ్యాహ్నం ఇవ్వలేదు. నిమిషానికి ఆరే ఊపిరులు. వంటగదిలో మీరు చెప్పింది నేను విన్నాను, విని కూడా చెప్పలేదు."

హెడ్ నర్సు తిట్టలేదు. తిట్టడానికి టైము లేదు. తెరలు లాగారు, విరుగుడు ఇంజెక్షన్ ఇచ్చారు, ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టారు. కొంతసేపు ఊపిరి అందుకుంది. ఆయన కనురెప్పలు కూడా ఒకసారి కదిలాయి. మళ్లీ ఇంజెక్షన్ ఇచ్చారు. తెర బయట నిలబడి పిన్ని వేళ్లు మడుస్తూనే ఉంది. ఆరింటికి ఐదు నిమిషాల ముందు మడవడానికి ఏమీ లేకపోయింది.

డాక్టరు బయటికి వచ్చి ఆమె ముందు ఆగింది. "కిడ్నీలు కూడా దెబ్బతిని ఉన్నాయి. ఆయనకి ఎలాగూ కొద్ది రోజులే మిగిలాయి. దీనివల్లే పోయారని చెప్పలేను" అంది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "మధ్యాహ్నమే చెప్పాల్సింది పిన్నీ" అంది. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదని పిన్నికి అనిపించింది.

కూతురు వచ్చేసరికి తెరలు తీసేశారు. ఆమె ఏడవలేదు. తండ్రి పక్కన కూర్చుని ఆయన చెయ్యి నిమురుతూ ఉండిపోయింది. తర్వాత ఆయన్ని కింద గదికి తీసుకెళ్లారు. కూతురు ఆయన చొక్కాలు మడిచి సంచిలో పెడుతుంటే పిన్ని దగ్గరికి వెళ్లి నిలబడింది.

"అమ్మాయీ, నీకొక మాట చెప్పాలి. మీ నాన్నకి కాఫీ ఇవ్వకూడదన్నారు. నేను ఇచ్చాను. దాచి ఇచ్చాను."

కూతురు చొక్కా మడవడం ఆపింది. తలెత్తలేదు.

"నాకు తెలుసు పిన్నీ."

"తెలుసా?"

"మొదటిరోజే. మాట్లాడుతుంటే నోట్లోంచి వాసన వచ్చింది. ఎందుకు ఇవ్వకూడదో కూడా తెలుసు. చేర్చిన రోజే సిస్టర్ నన్ను కూర్చోబెట్టి చెప్పారు." ఆమె చొక్కా మడత సరిచేసింది. "ఎవరికైనా చెబితే నాన్న మళ్లీ నిద్రపోతారు కదా. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాను. ఇవాళ ఏం చేశారో తెలుసా, తల దువ్వమన్నారు. మా అమ్మ పోయాక ఇంకెవరూ దువ్వలేదట. దువ్వుతుంటే నవ్వుతూనే ఉన్నారు."

పిన్ని ఆమె చెయ్యి పట్టుకోబోయింది. కూతురు చెయ్యి అందివ్వలేదు, అలాగని వెనక్కి తీసుకోనూ లేదు. ఇద్దరూ ఖాళీ మంచానికి చెరోవైపు నిలబడ్డారు. నీ తప్పు లేదని అక్కడ ఎవరూ ఎవరికీ చెప్పలేకపోయారు. కాసేపటికి కూతురు సంచి భుజాన వేసుకుని, వంచిన తల వంచినట్టే ఉంచి వరండాలోకి వెళ్లిపోయింది.

దుప్పటి తీసుకుపోయారు. దిండు తీసుకుపోయారు. కిటికీ గట్టు మీద ఒక చిన్న నల్ల దువ్వెన మిగిలింది, పళ్ల సందున రెండు మూడు తెల్ల వెంట్రుకలతో.