గవర్రాజు కుడికాలు

నేను ఒక బ్రేకు పెడల్ని. నా మూలంగా గవర్రాజు ఇంట్లో వారం రోజులుగా మాటామాటా నడుస్తోంది.

"బ్రేకు పడని బండిలో పిల్లని ఎక్కించనంటే ఎక్కించను," అంది రమణకుమారి, వరండాలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ.

"మార్చీసేను కదే, ఇంకేటి?" కారు కిందనుంచి వచ్చింది మొగుడి గొంతు.

"మొన్నా బండి బాగుందనే అన్నారు. పాప సైకిలు పోయింది. ఈసారేటి పోతాదో!"

పాప అంటే మనవరాలు పూర్వి. వాళ్లమ్మ, అంటే గవర్రాజు కూతురు ఇందుమతి, పొద్దున్నే డ్యూటీకి వెళ్లిపోతుంది. పిల్లని బడికి దింపేది తాతయ్యే. ఆ పని కూడా పోతే రిటైరైన మనిషికి పొద్దున్న లేవడానికి కారణమంటూ ఉండదు. అందుకే ఆయన తప్పంతా బ్రేకుల మీదికి నెట్టేశాడు. అసలు సంగతి నాకు తెలుసు. చెప్పడానికి నోరు లేదు.

నేను మొదట ఒక టాక్సీలో ఉండేదాన్ని. ఎదురుగా దేవుడి పటం ఉందని ఆ డ్రైవరు చెప్పులు విప్పి మరీ నన్ను తొక్కేవాడు. నోటితో మాత్రం దారినపోయేవాళ్ల వంశాలన్నీ తిట్టేవాడు. తరవాత ఓనరు కొడుకు బూట్లు నా నెత్తికెక్కాయి. పక్కవాళ్లు కేక పెడితే తప్ప నా అవసరం అతనికి గుర్తొచ్చేది కాదు. ఆఖరికి తుక్కు దుకాణం.

అక్కణ్నుంచి నన్ను ఏరుకొచ్చినవాడు గవర్రాజు. అప్పటికి గాజువాకలో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. పెట్టెల్లో విడివిడిగా వచ్చే కిట్ కారు కొని, ఇంటి షెడ్డులో తనే బిగించుకుంటున్నాడు. గొట్టాల చట్రం, ఫైబరు బాడీ వచ్చాయి గానీ పెడళ్లు రాలేదు. పొడుగాటి మనిషి. సీటుని తన కాళ్ల కొలతకి వెనక్కి పెట్టి బోల్టులు బిగించేశాడు.

"నాకూ నేర్పండి," అని అప్పట్లో రమణకుమారి అడిగింది.

"నీ కాలందదే!" అని నవ్వేశాడు. ఆవిడ మళ్లీ అడగలేదు. మనుషులు కొన్ని తలుపుల్ని నవ్వుతూనే మూసేస్తారు.

మొహాలు నాకంతగా తెలియవు. పాదాలు తెలుసు. గవర్రాజు పాదం నా మీద ఎప్పుడూ మెత్తగా వాలేది, ఎంత కావాలో అంతే అడిగేది. షుగరు ముదిరాక ఆ పాదం మారిపోయింది. ఇసుక మూటలా వచ్చి పడుతోంది. ఒక్కోసారి నా పక్కనున్న ఖాళీలో దిగి, నన్నే తొక్కుతున్నాననుకుంటోంది. సైకిలు నలిగిన రోజూ అదే జరిగింది. పూర్వి సైకిలు పడేసి మంచినీళ్లకి లోపలికెళ్లబట్టి సరిపోయింది.

ఆ మర్నాటినుంచే ఈ రిపేర్లు. అరిగిన బ్రేకు షూలు మార్చాడు, డ్రమ్ములు సాన పట్టించాడు, చక్రాల బేరింగులు కొత్తవి వేశాడు, నున్నబడ్డ టైర్లు మార్చేశాడు. మిగిలింది బ్రేకు పైపుల్లో గాలి తీయడం. దానికి ఇద్దరు కావాలి. ఒకరు నన్ను తొక్కి పట్టుకోవాలి, రెండోవారు చక్రం దగ్గర మర విప్పి బిగించాలి.

"ఇలా రావే ఓసారి," అని పిలిచాడు.

ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకుని, సీటు అంచుకి జరిగి, స్టీరింగు పట్టుకుని కాలు చాపింది.

"తొక్కు... పట్టుకో... ఆఁ, వదులు."

చెప్పినట్టల్లా చేసింది. తడబాటు లేని కాలు. ఎన్నాళ్లకో ఒక పాదం నన్ను గుర్తుపట్టినట్టనిపించింది.

"గట్టిగా తగుల్తోందా?"

"రాయిలా ఉంది."

"చూసేవా మరి!" అంటూ కారు కిందనుంచి గెలిచిన మొహంతో బయటికొచ్చాడు.

మిట్టమధ్యాహ్నం. ఆయనా నేనూ వీధి చివరిదాకా వెళ్లి తిరిగొచ్చాం. అప్పుడే, బడికి సెలవని ఇంట్లో ఉన్న పూర్వి ఉత్తకాళ్లతో వాకిట్లోకి దిగింది. "అమ్మో, కాలిపోతోంది!" అని సిమెంటు మీద గెంతి మళ్లీ వరండా ఎక్కేసింది. ఆయన కాలు బ్రేకు కోసం దిగింది. నా పక్కన ఖాళీలో దిగింది. రెండోసారికి గానీ నేను దొరకలేదు. ఈలోగా కారు, పిల్ల గెంతిన చోటు దాటి, నీళ్ల డ్రమ్ముని పడగొట్టి ఆగింది.

ఆయన దిగి, కొత్త టైర్లకేసి చూస్తూ, మెల్లగా ఎండలో నడిచి వరండాకి వచ్చాడు.

"మీ రెండో చెప్పు ఏదండీ?" అంది రమణకుమారి.

"కాలికే ఉంది కదే," అన్నాడు.

చెప్పు నా కింద పడి ఉంది. ఆయన కిందికి చూసుకున్నాడు. కాలే సిమెంటు మీద నడిచొచ్చిన తన ఉత్త పాదాన్ని, ఎవరిదో అన్నట్టు, చాలాసేపు చూశాడు. ఆవిడ వెళ్లి ఆ చెప్పు తెచ్చి ఆయన కాలి దగ్గర పెట్టింది.

సాయంత్రం ఇందుమతి వచ్చాక అందరూ వరండాలోనే భోజనాలకి కూర్చున్నారు. గవర్రాజు ముద్ద కలుపుతూ, ఎవరివైపూ చూడకుండా చెప్పాడు.

"బ్రేకులు బాగానే ఉన్నాయమ్మా. నా అరికాలే మొద్దుబారిపోయింది. రేపట్నుంచి పిల్లని ఆటోలో పంపండి."

ఇందుమతి ఏదో అనబోయింది. ఆయన ఎడమచెయ్యి ఎత్తి ఆపాడు.

"మీ అమ్మ డ్రైవింగు నేర్చుకునేంతవరకే. పొద్దున్న సీటు బోల్టులు విప్పి ముందుకి జరుపుతాను."

రమణకుమారి చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది.

"ఎంత ముందుకి?" అంది.

"నీ కాలందినంత," అన్నాడు.