వేట నిషేధంలో బొమ్మల సినిమా

ఏప్రిల్ నెల, ఒంటిపూట బళ్ళు. పిల్లలకు పౌరధర్మాలను బొమ్మల సినిమాలు చూపించి నేర్పాలని పైవాళ్ళకు తోచింది. టీచర్లందరినీ తెనాలి పిలిపించి, టీ బిస్కెట్లిచ్చి మరీ ట్రైనింగ్ ఇచ్చారు. ధర్మాలు నేర్చుకోవలసింది పిల్లలు మాత్రమేనని వాళ్ళ గట్టి నమ్మకం.

హెలెన్ టీచరు కూడా నమ్మింది. ఆమెది రేపల్లె. బాపట్లలో అద్దెకుంటూ సముద్రం ఒడ్డు పాలెంలో ప్రైమరీ స్కూలుకు రోజూ ఆటోలో వస్తుంది. సినిమాలో కడుపునిండా గుడ్లున్న తల్లి చేప వలలో పడి ఏడుస్తుంది. "చేపలు గుడ్లు పెట్టే కాలంలో మరపడవలు వేటకు వెళ్ళకూడదు. తప్పు కనిపిస్తే చెప్పండి" అని చివర్లో ఒక డాల్ఫిన్ బుద్ధి చెబుతుంది. మూడో తరగతి నాగలక్ష్మి చేపతో పాటు తనూ ఏడ్చింది.

ఆ సినిమా చూపించిన టీవీ బడికి ఇచ్చింది వీరరాఘవయ్య. ఊళ్ళో సగం పడవలు ఆయనవే.

వారం తిరక్కుండా వేట నిషేధం గురించి చెప్పడానికి ఫిషరీస్ ఆఫీసరు బడికొచ్చాడు. పక్క కుర్చీలో వీరరాఘవయ్య కూర్చున్నాడు. "మీ నాన్నలందరూ నిషేధం పాటిస్తున్నారా?" అని ఆఫీసరు అడిగితే పిల్లలంతా "పాటిస్తున్నారండీ" అని రాగం తీశారు. నాగలక్ష్మి లేచి నిలబడింది.

"మా నాన్న నిన్న ఏటకెళ్ళాడండి. ఎళ్ళొద్దన్నానండి. ఇన్లేదండి."

హెలెన్ టీచరు పొంగిపోయింది, పిచ్చి తల్లి. ఆఫీసరు మెచ్చుకుని, తండ్రి పేరు అడిగి రాసుకున్నాడు.

మర్నాడు పడవను పట్టుకున్నారు. అది వీరరాఘవయ్యది. కేసు మాత్రం దాన్ని నడిపిన నాగలక్ష్మి తండ్రి సింగయ్య మీద పడింది. "నాకు తెలీకుండా తీసుకెళ్ళాడండి. ఎవర్నీ నమ్మే రోజులు కావండి ఇవి" అన్నాడు వీరరాఘవయ్య. వేటకు ముందు రోజు సాయంత్రం సింగయ్య వాళ్ళింటికొచ్చి, మంచం మీద కూర్చుని, "నువ్వెళ్ళరా, ఆఫీసర్ల సంగతి నేను చూసుకుంటాగా" అన్న మనిషి ఆయనే. ఆ సాయంత్రం ఆయనకు మంచినీళ్ళు తెచ్చిచ్చింది నాగలక్ష్మే.

ఈ సంగతి పిల్ల నోట విని హెలెన్ టీచరుకు ఒళ్ళు మండిపోయింది. ఆఫీసరుకు ఫోన్ చేసింది. "పంపిందెవరో ఆ పిల్లకు తెలుసండి. మీరే వచ్చి అడగండి." సెలవులివ్వకముందే వస్తానన్నాడు.

ఆ మాట వీరరాఘవయ్య చెవిన పడకుండా ఉంటుందా? సింగయ్య ఇంటికి కబురు పంపాడు. "కేసు నీ మీదే ఉండనీ, జరిమానా నేను కడతాను, నిషేధం అయ్యాక మళ్ళీ పడవెక్కుదువు గాని. నా పేరు బయటికొచ్చిందా, ఇక నా పడవ దిగిపో." ఒక యజమాని దించేసిన మనిషిని వాడరేవు దాకా ఏ పడవా ఎక్కించుకోదు. అక్కడి కట్టుబాటు అది.

ఆఫీసరు వచ్చిన రోజు నాగలక్ష్మి తల్లి గంగరత్నం బడి వరండాలో స్తంభానికి ఆనుకుని నిలబడింది. హెలెన్ టీచరు పిల్ల చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకొచ్చింది.

"భయపడకమ్మా. ఉన్నదున్నట్టు చెప్పు. మీ నాన్నకి మంచే జరుగుద్ది."

"నాన్నను వేటకెళ్ళమని ఎవరు చెప్పారు పాపా?" అన్నాడు ఆఫీసరు.

నాగలక్ష్మి తల్లి వైపు చూసింది. గంగరత్నం వద్దనలేదు, చెప్పమనీ అనలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, అంతే.

"ఎవరూ చెప్పలేదండి. మా నాన్నే ఎళ్ళాడండి."

"ముందు రోజు మీ ఇంటికెవరూ రాలేదా?"

"రాలేదండి."

"నాగలక్ష్మీ!" అంది హెలెన్ టీచరు. పిల్ల ఆమె చేతిలోంచి తన చెయ్యి మెల్లగా లాక్కుంది.

"ఎందుకండీ టీచర్ గారూ పసిపిల్లను బెదిరిస్తారు?" అని ఆఫీసరు విసుక్కున్నాడు. తర్వాత పిల్లల వైపు తిరిగాడు. "చూశారా? కన్నతండ్రి తప్పు చేసినా దాచలేదు. నిజం చెప్పడమంటే ఇదీ. అందరూ చప్పట్లు కొట్టండి."

పిల్లలు కొట్టారు. హెలెన్ టీచరుకు చేతులు రాలేదు. ఆఫీసరు తనవైపే చూస్తున్నాడని గమనించి, నాగలక్ష్మి కూడా అందరితో పాటు చప్పట్లు కొట్టింది.