హద్దు కింద పడిపోయిన సుడి

వంతెన స్తంభాల వెనక ఏటి నీళ్ళు ఎలా తిరుగుతాయో కంప్యూటర్లో లెక్కకట్టి, ఆ సుడులను ఏరి కొలవడం ఆమె ఉద్యోగం. ఇంట్లో అందరికీ ఆమె సుడిగుండాల డాక్టరమ్మ. ఆ పేరు పెట్టింది బాబాయే. ఆయన అదే ఏటి మీద ముప్పై ఏళ్ళుగా జనాన్ని పడవలో దాటిస్తున్నాడు.

మూడు నెలల కిందట ఆయనే అడిగాడు. "మూడో స్తంభం వెనక చుక్కాని చేతిని లాగుతోందే అమ్మడూ. అటునుంచి వెళ్తే దారి కలిసొస్తుంది గానీ, ఎందుకో మనసొప్పట్లేదు. ఓసారి చూసి చెప్పు."

ఆమె చూసింది. చూడటమంటే ఏముంది, ఆఫీసు కోసం గీసిన పటాన్నే మళ్ళీ తెరిచింది. మొదట్లో ఆ పటం నిండా సుడులే. "చిక్కుపడ్డ దారాల ఉండలా ఉందేంటమ్మా ఇది," అని పెద్దాఫీసరు విసుక్కుంటే, తిరుగుడు జోరు ఇంతకు తగ్గితే దాన్ని సుడి కింద లెక్కించొద్దని ఓ హద్దు పెట్టేసింది. పటం అద్దంలా తేటపడింది. ఆ హద్దు సంగతి మాత్రం మరిచిపోయింది. చదువుకున్నవాళ్ళ మతిమరుపు మహా చెడ్డది.

"అక్కడేం లేదు బాబాయ్. నీది ఉత్త అనుమానం," అంది నవ్వుతూ.

"నువ్వు చెప్పాక ఇంకేముంది," అని ఆయన మర్నాటి నుంచి అటే పడవ వేశాడు.

పోయిన వారం ఏటికి నీళ్ళు పెరిగాయి. పడవ అక్కడే గిర్రున తిరిగి స్తంభానికి కొట్టుకుంది. ఎక్కినవాళ్ళంతా బతికి బయటపడ్డారు. బాబాయి కుడిచెయ్యి మాత్రం పడవకూ స్తంభానికీ నడుమ పడి నలిగిపోయింది. మణికట్టు దగ్గర తీసేశారు.

ఆ రోజే ఆమె హద్దు తగ్గించి చూసింది. మూడో స్తంభం వెనక ఏటిలో సగం దాకా ఓ వెడల్పాటి సుడి పరుచుకుని కనిపించింది. ఏ ఒక్కచోటా జోరు లేదు, అందుకే లెక్కలోంచి జారిపోయింది. ఈ చివరనుంచి ఆ చివరికి తిరుగుడంతా కూడితే, పటంలో ఉంచిన చిన్న సుడులన్నిటినీ మించిపోయింది. ఆ కూడికకు పట్టింది పది నిమిషాలు. మూడు నెలల కిందట ఆ పది నిమిషాలు ఎక్కడికి పోయాయో!

ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చోగానే బాబాయి అదే అడిగాడు. "చూశావా? ఉందా?"

"ఉంది బాబాయ్. మొదట్నుంచీ ఉంది. నేనే తీసేశాను."

నాలుగు తిట్లు తిడితే బాగుండునని ఎదురుచూసింది. ఆయన తిట్టలేదు. కట్టు కట్టిన చేతికేసి చూసుకున్నాడు.

"పాపం, ఈ చెయ్యి సరిగ్గానే చెప్పింది," అన్నాడు. "నేనే దీని మాట వినలేదు."