దొరలు మడక దున్నిన వైనం

సదుం దగ్గరి గంగులయ్యకు రాజ్యం లేదు, కిరీటం లేదు. పుంగనూరు జాతి ఎద్దులు రెండు మాత్రం ఉన్నాయి. నడుమెత్తు మించని ఆ తెల్లని జీవాలకు అతడు పెద్దదొర, చిన్నదొర అని నామకరణం చేశాడు. వాటి మెడమీద కాడి మోపి మడక లాగించడం రాజద్రోహమని అతని సిద్ధాంతం. అందుకే తన మెట్టచేనుకు ఏటా పొరుగువాళ్ల ఎద్దులను బాడుగకు తెచ్చి దున్నించేవాడు. దొరలు జాతరలలో గజ్జెలు ధరించి, పలక డప్పుల మోత వెనుక ఊరేగి, తక్కిన కాలమంతా నెమరువేస్తూ ప్రజాపాలన చేసేవారు. "మా దొరలకు మడకంటే ఏందో తెలీదప్పా!" అని పుంగనూరు సంతలో చాటేటప్పుడు అతని మీసం వేలెడు పెరిగేది.

రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఆ మీసానికే ముప్పు వచ్చింది. కుప్పంలో చింతపండు వ్యాపారం చేసే బావమరిది అప్పుకు గంగులయ్య జామీను సంతకం పెట్టాడు. వ్యాపారం మునిగింది; బావమరిది కోలారు వైపు అంతర్ధానమయ్యాడు. అప్పిచ్చిన ఈశ్వరప్ప మదనపల్లె కోర్టులో డిక్రీ తెచ్చుకొని, చేను వద్దు, చెంబులు వద్దు, దొరలనే జప్తు చేయిస్తానన్నాడు.

గంగులయ్య మదనపల్లె వకీలు సత్యానందం ఇంటికి పరుగెత్తాడు. మిషను బడిలో చదివిన ఆ పెద్దమనిషి బైబిలునూ చట్టాన్నీ ఒకే భక్తితో పఠించేవాడు.

"మా ఇంటిదాని పేర రాసేస్తే, అయ్యా?"

"డిక్రీ వచ్చినాక ఎవురి పేర రాసినా అది ఎగ్గొట్టే ఎత్తేనని కోర్టు కొట్టేస్తాది."

"పోనీ, అడవిలోకి తోలేస్తే?"

"చిరుతపులులకు అప్పజెప్తావా? విను. రైతు బతకడానికి కావాల్సిన సేద్యపు ఎద్దుల్ని జప్తు చేయకూడదని చట్టంలో ఉండాది. నీకు వేరే ఎద్దుల్లేవు గదా?"

"లేవు. అయితే ఇవి దున్నవే!"

"ఆ సంగతి సంతంతా చాటింది నువ్వే. అవి సేద్యపు ఎద్దులని నేను అబద్ధం చెప్పను గంగులయ్యా. నువ్వే దాన్ని నిజం చెయ్యి. దున్ను. జప్తుకొచ్చే కోర్టు అమీనా కండ్లారా సూడల్ల."

దున్నితే పరువు పోతుంది. దున్నకపోతే దొరలే పోతారు. దారి పొడుగునా గంగులయ్య రెంటినీ తూచాడు. తన పరువు ఇంత తేలికని అతనికి అంతవరకు తెలియదు.

అమీనా వచ్చే రోజు పొద్దున్నే కాడి కట్టాడు. దొరలు కదలలేదు. బెల్లం పెట్టాడు, బెల్లం తిని కదలలేదు. గట్టుమీద ఊరు చేరింది.

"గంగులన్నా, గొడుగు పట్టలేదని దొరలు అలిగినట్టుండారే!"

బాటమీద అమీనా వెంకటప్ప, అతని వెనకే ఈశ్వరప్ప కనిపించారు. గంగులయ్య మేడి పట్టుకొని అలాగే నిలబడ్డాడు. అప్పుడు భార్య సిద్ధమ్మ కసిరింది:

"మేళం లేకుండా అవి ఎప్పుడన్నా నడిచినాయా? యాల నిలబడుకోనుండావు? పలక కొట్టే మునెప్పను పిలువు!"

మునెప్ప పలకతో వచ్చి చేనులో ముందు నిలిచి ఒక్క దెబ్బ వేశాడు. పెద్దదొర చెవులు నిక్కాయి. రెండో దెబ్బకు చిన్నదొర గజ్జె మోగింది. మూడో దెబ్బకు ఇద్దరూ జాతరకు బయలుదేరినంత హుందాగా అడుగు వేశారు. వెనుక మడక నేలను చీల్చుకుంటూ సాగింది.

"ఇది సేద్యమా, పెండ్లి ఊరేగింపా?" అని ఈశ్వరప్ప అరిచాడు.

అమీనా వంగి చాలులో వేళ్లు దూర్చి చూశాడు. "మడక భూమిలో ఉండాది, చాలు తెగతాండాది. మేళం కూడదని చట్టంలో యాడా లేదు ఈశ్వరప్పా." జప్తు చేయకుండానే వెనుదిరిగాడు.

ఆ ఏడు చేనంతా పలక మోతలోనే దున్నారు. మునెప్ప కూలి పాత ఎద్దుల బాడుగను మించిందన్న సంగతి గంగులయ్య ఎవరికీ చెప్పలేదు. శనక్కాయల ఒబ్బిడి ముగిసి పంట చేతికి రాగానే తొలి బస్తాలను బండికెత్తించి, దొరలను కట్టి, పలక ముందు నడవగా పుంగనూరు నడిబజారులో ఈశ్వరప్ప గడపకు తోలాడు.

"ఇదేం కోలాహలమప్పా?" అన్నాడు ఈశ్వరప్ప, బస్తాల వంక చూస్తూ.

"ఎగ్గొట్టేవాడు దొంగదారిన పోతాడు," అన్నాడు గంగులయ్య, మీసం మీద చెయ్యి వేసి. "మేము మేళంతో తీరుస్తాండాము. మిగిలింది మళ్లా పంటకు. అప్పుడు సన్నాయి గూడా పెట్టిస్తా!"