ముప్పై ముక్కలు, ఒక ఫిట్టరు

భిక్షపతి పదిహేనేళ్లుగా పంపుల కంపెనీలో ఫిట్టరు. యంత్రం మొరాయిస్తే ఇంజనీర్లు సైతం అతనికే కబురు పెడతారు. అయినా అతను కాంట్రాక్టు మనిషే. పర్మనెంటు కావాలంటే ఐటీఐ సర్టిఫికెట్ తెమ్మన్నారు, అదీ ఈ నెలాఖరులోగా. అతనికి పని వచ్చని కంపెనీకి తెలుసు, కాగితానికే తెలియదు.

అందుకే రెండేళ్ల కిందట ఎల్బీనగర్‌లో పాండురంగం ఐటీఐలో చేరాడు. పాండురంగం అక్కడి పాత రైతే. పొలమంతా ప్లాట్లయ్యాక మిగిలిన బర్రెల కొట్టానికి రేకులు మార్చి, బోర్డు తగిలించి ప్రిన్సిపాల్ అయ్యాడు. అక్కడున్నది ఇనుప ముక్కను దవడల మధ్య బిగించిపట్టే బెంచి వైసు, అదీ ఒకే ఒక్కటి. దసరాకు దానికి బొట్టుపెట్టి దండ వెయ్యడమే తప్ప, దవడ విప్పి చూసిన పాపాన ఎవరూ పోలేదు. ఉద్యమం వచ్చాక గోడలన్నిటి మీదా జై తెలంగాణ అని రాయించాడు. ఇక పాఠాలెక్కడని అడగడానికి ఎవరికీ నోరు రాలేదు.

ప్రాక్టికల్ పరీక్షకు ప్రతి విద్యార్థీ ఇనుప ముక్కను ఆకురాయితో అరగదీసి, కొలత తప్పకుండా చతురస్రంగా చేసి చూపాలి. పాండురంగం విద్యార్థులకు అంత శ్రమెందుకు? తను కాక మిగతా ముప్పై మంది ముక్కలూ భిక్షపతే ఇంటి వరండాలో వైసు బిగించుకుని చేసిపెట్టాడు. సీటిచ్చిన సారు అడిగితే కాదనలేకపోయాడు.

అతని చేతికి ఒక అలవాటుంది. కొత్తగా అరగదీసిన మూల వేలు కోస్తుంది. అందుకని చివర్లో నాలుగు మూలల మీదా ఆకురాయిని ఒక్కసారి తాకించి వదులుతాడు. ఉస్తాదు చెంప పగలగొట్టి నేర్పిన అలవాటది. డ్రాయింగులో ఆ ఊసే ఉండదు.

మూడుసార్లు వాయిదా పడ్డ ప్రాక్టికల్ చివరికి బంద్ రోజే వచ్చిపడింది. బస్సుల్లేవు. భిక్షపతి గడ్డిఅన్నారం నుంచి నడిచే వచ్చాడు. ఎగ్జామినర్ రామారావు అప్పటికే కుర్చీలో ఉన్నాడు. బెజవాడ వైపు మనిషి. దిల్‌సుఖ్‌నగర్ లాడ్జిలో దిగితే పాండురంగం బండికి జెండా కట్టించి తెప్పించాడు. ముప్పై మందిలో ఒక్కడూ రాలేదు. వాళ్ల ముక్కలు మాత్రం గోనెసంచిలో హాజరయ్యాయి. పిల్లలంతా బంద్ పాటిస్తున్నారని, వాళ్ల దీక్షను గౌరవించాలని పాండురంగం గంభీరంగా చెప్పాడు. రామారావుకు అభ్యంతరం లేదు. పొద్దుగూకే లోపల లాడ్జికి చేరడమే ఆయన దీక్ష.

భిక్షపతి మాత్రం తన ముక్క అక్కడే చేస్తానన్నాడు. ఈ ఒక్కటైనా తన పేరు మీద, నలుగురి కళ్లముందు చెయ్యాలని ఆశ. తుప్పు పట్టిన వైసుకు కిరసనాయిలు పోసి, సుత్తితో తట్టి దవడ విప్పాడు. మూడు గంటలు అరగదీశాడు. చివర్లో ఆకురాయి అలవాటుగా మూల మీదికి పోబోయింది. ఆపుకున్నాడు. డ్రాయింగులో లేనిది చేస్తే మార్కులు పోతాయేమోనని భయం. చెయ్యి చెప్పిన మాట వినకపోవడం అతనికదే మొదటిసారి.

రామారావు మూలమట్టం ఆనించి వెలుతురుకెత్తి చూశాడు. రవ్వంత సందు లేదు. మెచ్చుకోబోయి, సంచిలోంచి నాలుగు ముక్కలు తీసి పక్కన పెట్టుకున్నాడు. మూలలు వేలితో తడిమాడు.

"అందరూ మూలలు నున్నగా తీశారు. నువ్వొక్కడివే ఇలా వదిలేశావేంటయ్యా?"

"డ్రాయింగుల లేదు సార్."

"ఇక్కడి పద్ధతంటూ ఒకటుంటుంది కదా. ముప్పై మందీ తప్పు, నువ్వొక్కడివే రైటా?"

ఆ ముప్పై మందీ తనేనన్న మాట గొంతుదాకా వచ్చింది. చెబితే ఐటీఐ మూతపడుతుంది. మూతపడ్డ ఐటీఐ సర్టిఫికెట్‌ను ఏ కంపెనీ చూస్తుంది? పాండురంగం వైపు చూశాడు. ఆయన గోడ మీది నినాదం చదువుకుంటున్నాడు.

ముప్పై మంది పాసయ్యారు. హాజరైన ఒక్కడు ఫెయిలయ్యాడు.

రామారావును జెండా బండి మీద సాగనంపి వచ్చి, పాండురంగం అతని భుజం తట్టాడు. "పరేషాన్ గాకు భిక్షపతీ. తెలంగాణ రానీ, మళ్ల రాద్దువు. గప్పటిదాంక కొత్త బ్యాచికి జర ముప్పై ముక్కలు చేసియ్యి."

నెలాఖరుకు ఇంకా నాలుగే రోజులు.  భిక్షపతి తన ముక్కను మళ్లీ వైసులో బిగించి, నాలుగు మూలల మీదా ఆకురాయి ఒక్కోసారి తాకించి, తీసి ఆయన చేతిలో పెట్టాడు.

"ఇంక ఇరవై తొమ్మిది, సార్."