తాడు వాళ్ళ పేజీ

లోజాన్ నగరంలో మా భవనం నిండా ఆటల సమాఖ్యలే. ప్రపంచంలో ఎవరు ఏ ఆట ఆడినా, దాని నియమాలు రాసేవాళ్ళు పొద్దున పదింటికి నా క్యాంటీన్‌కే కాఫీకి వస్తారు. రెండో అంతస్తు మొత్తం ఎగిరెగిరి బంతి కొట్టే ఆట వాళ్ళది. అందరికంటే పైన, మెట్ల పక్కన ఉన్న మూడు గదులు తాడులాగుడు సమాఖ్యవి. వాటిలో చిన్న గదిలో కూర్చునేది మా అమ్మాయి ఇల్డా. సమాఖ్య ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ అన్నీ తనే చూసుకుంటుంది.

ఏ సమాఖ్య పేజీని జనం ఎంత చూశారో లెక్కకట్టి, ఏటా చలికాలంలో ఒక సంస్థ వరుస ప్రకటిస్తుంది. ఆ రోజు క్యాంటీన్‌లో పరీక్ష ఫలితాలు వచ్చినంత హడావిడి. తాడు వాళ్ళు ఎప్పుడూ అట్టడుగునే. కారణం భవనంలో అందరికీ తెలుసు. వాళ్ళ పేజీలో ఏం చేయాలన్నా ముగ్గురి సంతకాలు కావాలి. అధ్యక్షుడు రోషా, కార్యదర్శి పెరే, కెనడాలో ఉండే ఉపాధ్యక్షురాలు. ముగ్గురూ ఫోన్లో సంతకం పెట్టేసరికి గెలిచిన జట్టు ఇంటికి చేరి, బట్టలు ఉతికి ఆరేసుకునేది. పైగా ముగ్గురూ ఒప్పుకునే ఫొటో ఒకటే రకం: సూట్లు వేసుకున్న ఇద్దరు పెద్దమనుషులు చిన్న జెండాలు ఇచ్చిపుచ్చుకుంటూ ఉండాలి.

"మీ పేజీ చూసేది ముగ్గురేగా ఇల్డా, ఆ సంతకాలు పెట్టేవాళ్ళు" అనేవాడు రెండో అంతస్తు ఎత్యెన్, కాఫీలో చక్కెర కలుపుకుంటూ. ఇల్డా నవ్వేసి తన కాఫీ తీసుకుని మెట్లెక్కేది. నాకు మాత్రం వాడి కప్పులో ఉప్పు వేయాలనిపించేది.

ఒక ఏడాది వసంతంలో పెరే గారు తేల్చి చెప్పేశారు. ఈసారి కూడా అడుగునే ఉంటే పేజీని లండన్ కంపెనీకి అప్పగిస్తారట. ఇల్డా గది ఖాళీ చేయాలట. అయితే ఆట చూపించనివ్వండని ఇల్డా అడిగింది. మొహాలు కాదు, కాళ్ళు చూపిస్తానంది. తాడులాగుడంతా కాళ్ళలోనే ఉందని తన వాదన. డబ్బిచ్చే కంపెనీల పేర్లు చొక్కాల మీద ఉంటాయి గానీ బూట్ల మీద ఉండవని పెరే గారు కొట్టిపారేశారు.

వేసవి చివర్లో ప్రపంచ పోటీలు మా దగ్గరే, ఎషలాన్ ఊరి పొలాల మధ్య జరిగాయి. నేను సాసేజీలు, ఎండుచేప వడలతో అక్కడ కొట్టు పెట్టాను. ప్రారంభోత్సవాన్ని పేజీలో నేరుగా చూపించడానికి ముగ్గురూ ముందే సంతకాలు పెట్టారు. మైదానం నుంచి ప్రత్యక్ష ప్రసారం అని మాత్రమే అందులో ఉంది. ఎప్పటిదాకా అన్నది ఎవరూ రాయలేదు.

రోషా గారి ప్రసంగం అయిపోయింది. ఇల్డా ఫోన్ కట్టేయలేదు. దాన్ని తీసుకెళ్ళి, తాడు పక్కన బోర్లించిన బీరు పెట్టె మీద నేలకి దగ్గరగా ఆనించింది.

బాస్క్ ప్రాంతపు అమ్మాయిలకీ తైవాన్ అమ్మాయిలకీ పోటీ. నా కొట్టు దగ్గరనుంచి జనం వీపులే కనిపిస్తున్నాయి. అందుకని ఆ ప్రసారాన్ని నా ఫోన్లో చూశాను. పదహారు జతల బూట్లు. మడమలు గడ్డిని చీల్చుకుని మట్టిలోకి దిగాయి. పిక్కలు వణుకుతున్నాయి. తాడు అటూ కదలదు, ఇటూ కదలదు. ఒక జట్టు శిక్షకురాలు వంగి మెల్లగా ఏదో చెబుతూనే ఉంది, ప్రసవం చేయించే మనిషిలా.

పెరే గారు పరుగెత్తుకుంటూ వచ్చి ఆపమన్నారు.

"అలాగేనండీ. ముగ్గురి సంతకాలూ తెప్పించండి" అంది ఇల్డా.

"ఆపడానికి సంతకాలేంటి?"

"పేజీలో ఏం చేయాలన్నా ముగ్గురూ ఒప్పుకోవాలని రాయించింది మీరే కదండీ."

ఆయన మొహం కందగడ్డ అయింది. అయినా తను రాయించిన నియమాన్ని తను దాటే మనిషి కాదు. అక్కడే నిలబడి సంతకం పెట్టారు. కెనడాలో ఇంకా తెల్లవారలేదు. ఆవిణ్ణి నిద్రలేపి రెండోది పెట్టించారు. మూడో సంతకం కోసం నా కొట్టుకు వచ్చారు. రోషా గారు అక్కడే ఉన్నారు. వేళ్ళకి ఆవపిండి ముద్ద అంటుకుని ఉంది. నా భుజం మీదుగా నా ఫోన్లోకే చూస్తున్నారు.

రోషా గారు కుర్రతనంలో తాడు చివర నిలబడేవారు. తాడు ఒరుసుకున్న మచ్చ ఆయన మెడ మీద ఇప్పటికీ ఉంది. పెరే గారు ఫోన్ చాపి, ఇక్కడ ఒక్క సంతకం అన్నారు. రోషా గారు నొక్కితే ఇల్డా ఉద్యోగం ఆ క్షణంలోనే పోయినట్టు. నా చేతిలో పట్టకారు కదల్లేదు.

"మా ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఒకటే అడిగేది పెరే. ఊరికే నిలబడి ఉంటారుగా, అందులో మీరు చేసేదేముంది అని. ఎలా చెప్పాలో నాకు తెలిసేది కాదు." రోషా గారు నా ఫోన్ వైపు చూపించారు. "ఇదిగో, చేసేది ఇదీ."

పెరే గారి ఫోన్‌ని ఆయన జేబులోనే మళ్ళీ పెట్టి, ఇంకో సాసేజీ ఇమ్మన్నారు. నేను డబ్బు తీసుకోలేదు.

చివరికి తైవాన్ వాళ్ళు గెలిచారు. రెండు జట్లూ లేవలేక మట్టిలోనే పడుకుని నవ్వడం కూడా ఆ ఫోన్లోంచి వెళ్ళింది. ఆ సాయంత్రం నుంచి జనం తమ కాళ్ళ ఫొటోలు పంపడం మొదలుపెట్టారు. గనుల్లో బూట్లు, వరిమళ్ళలో బురద కాళ్ళు, ఓడ మీద చెప్పుల్లేని పాదాలు. మా ఆయన పోయాక రాత్రి బడిలో నేర్చుకున్న అక్షరాలు నావి. ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ చదివాను. మా సొంత భాష పోర్చుగీసులో ఎవరో రాశారు: "వైన్ కోసం ద్రాక్ష తొక్కేటప్పుడు మా అమ్మ కాళ్ళు ఇలాగే ఉండేవి." మా అమ్మ కాళ్ళూ అంతే. ఈ పేజీ నడిపేది నా కూతురని ఆ మనిషికి జవాబు రాశాను. అందులో తప్పులున్నాయట. ఇల్డా దిద్దలేదు.

చలికాలంలో వరుస వచ్చింది. తాడు వాళ్ళు మధ్యలోకి ఎక్కారు. లండన్ కంపెనీ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. సంతకాలు మాత్రం ఒకటికి తగ్గాయి. అది ఇల్డాదే.

ఆ రోజు ఎత్యెన్ కాఫీ వరుసలో ముందున్నాడు. వెనక్కి తిరిగి, తమ ఆటగాళ్ళ కాళ్ళు కూడా ఫొటో తీస్తే బాగుంటుందా అని ఇల్డాని అడిగాడు.

"మీ వాళ్ళెప్పుడూ గాల్లోనే ఉంటారు కదా. నేల మీదికి దిగాక చెప్పు" అంది ఇల్డా.

కాస్త పక్కకు జరగమని అతనికి చెప్పి, ముందు మా అమ్మాయికి కాఫీ ఇచ్చాను.